వేపపువ్వు తెచ్చిందెవరు?



ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లకు అశోకా రోడ్ అనగానే ముందు గుర్తొచ్చేది ఆంధ్రా భవన్. ఇండియా గేట్ దగ్గర మొదలయ్యే ఆ రోడ్డు, నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్‌ను, దాని పక్కనే మన భవన్‌ను దాటి, విండ్సర్ ప్లేస్ మీదుగా, ఎన్నికల సంఘం ఉండే నిర్వాచన్ సదన్ ముందునుంచి గోల్ డాక్‌ఖానా దాకా వెళ్తుంది. ఆ చివర బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉంది. ఈ చివర ఆంధ్రా భవన్‌లోని అంబేద్కర్ ఆడిటోరియంలో మన తెలుగు సంఘాలు ఉగాదులూ, సాహిత్య సభలూ, సన్మానాలూ చేసుకుంటూ ఉంటాయి. ఆ చివర గురుద్వారాలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెడుతూ ఉంటారు. రెండు చోట్లా ఎక్కువగా పనిచేసేది జీతం తీసుకోని మనుషులే.

అలాంటి మనుషుల గురించి, వాళ్లను నడిపించే బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్ల గురించి ఇవాళ మాట్లాడతాను. నేనూ ఈ నగరంలో చాలాకాలంగా చిన్నదో పెద్దదో ఒక సేవాసంఘం పనిలో ఉంటూ వచ్చాను. కొన్నాళ్లు అధ్యక్షుడి కుర్చీలోనూ కూర్చున్నాను. అక్కడ కూర్చుంటే ముందున్న వరసలు బాగా కనిపిస్తాయి. వెనక గదిలో ఏం జరుగుతోందో కనిపించదు. సంఘం నిలబడేదేమో ఆ వెనక గది మీదే.

ఉగాది పచ్చడి సంగతే చూడండి. మన ఊళ్లలో అయితే పండగనాటికి వేప పూతకు లోటుండదు, పెరట్లో కొమ్మ వంచితే చాలు. ఢిల్లీలో వేపచెట్లకు కొదవ లేదు గానీ, చలి వెనక్కి తగ్గేది ఆలస్యంగా కాబట్టి చాలా ఏళ్లు ఉగాదినాటికి ఇక్కడి వేపలు ఇంకా ఆకు రాల్చి చిగురేస్తూనే ఉంటాయి. పూత ఆ తర్వాత వస్తుంది. మరి అయిదారు వందల మందికి పచ్చడి కలపాలంటే పువ్వు ఎక్కణ్నుంచి వస్తుంది? ఎవరో ఒకరు వారం ముందే ఊరికి ఫోన్ చేసి చెబుతారు. అక్కడెవరో కోసి, తడిగుడ్డలో చుట్టి, విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో, హైదరాబాద్ నుంచి వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపిస్తారు. ఇక్కడొకరు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి, బోగీ వెతుక్కుని, ఆ మూట అందుకుంటారు. పండగ తెల్లవారుజామున నలుగురు ఆడవాళ్లు కూర్చుని, రెమ్మల నుంచి పువ్వు దులిపి, కాడలు ఏరి, చింతపండు పులుసులో కొత్త బెల్లం కలిపి, మామిడి ముక్కలు తరుగుతారు. మామిడికాయ దొరక్క ఐఎన్ఏ మార్కెట్‌కు పరుగెత్తిన మనిషి ఇంకొకరు ఉంటారు.

పది గంటలకు సభ మొదలవుతుంది. జ్యోతి వెలిగిస్తారు. ముఖ్య అతిథి వస్తారు, ఆలస్యంగానే. శాలువాలు, పూలగుచ్ఛాలు, జ్ఞాపికలు. పచ్చడి చాలా బాగుందని వేదిక మీదివాళ్లు మైకులో అంటారు కూడా. అది ఎవరి చేతిలో తయారైందో వాళ్లలో చాలామందికి తెలియదు. ఆ నలుగురూ ఆ సమయానికి వెనక గదిలో గ్లాసులు సర్దుతూ ఉంటారు.

ఇక వందన సమర్పణ. మన సభల్లో అది ఎప్పుడూ చిట్టచివర వస్తుంది. అప్పటికి భోజనాల గంట దాటిపోయి, సగం కుర్చీలు ఖాళీ అయిపోయి, పిల్లలు ఏడుస్తూ ఉంటారు. కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని గబగబా చదువుతాడు. హాలు ఇచ్చినవారికి, ప్రకటనలు ఇచ్చినవారికి, ముఖ్య అతిథికి, విశిష్ట అతిథికి, ఆత్మీయ అతిథికి కృతజ్ఞతలు. ఆఖర్న ఒక్క ముక్క: ‘అలాగే మన వాలంటీర్లందరికీ.’ ఆ ముక్క వినవలసినవాళ్లు అప్పుడు విస్తళ్లు వేస్తూ ఉంటారు, వాళ్ల చెవిన కూడా పడదు.

సేవాసంఘాల నుంచి మనుషులు ఎందుకు జారిపోతారన్నది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. పని ఎక్కువై మానేస్తారని పెద్దలు అంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. రాత్రంతా మేలుకుని పనిచేసినవాళ్లు మర్నాడు ఇంకా ఉత్సాహంగా ఉంటారు. తాను వచ్చినా రాకపోయినా తేడా ఎవరికీ తెలియడం లేదని అర్థమైన రోజున మనిషి మానేస్తాడు. గొడవ పడడు, రాజీనామా ఇవ్వడు. ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు, అంతే.

ఈ సందర్భంలో ఢిల్లీ తెలుగువాళ్లందరం బాకీపడ్డ ఒక మనిషి కథ చెప్పాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారు. ఆవిడ జీవితంలో బాల్యంనాటి రెండు సంఘటనలున్నాయి. కార్యకర్తను ఎలా గుర్తించాలో ఏ శిక్షణ శిబిరంలోనూ ఇంతకన్నా బాగా చెప్పలేరని నా నమ్మకం.

మొదటిది 1921లో. గాంధీజీ కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండో ఏడు. దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ కూడా గాంధీజీ మాట వినాలని ఆ పిల్ల పట్టుదల. పెద్దల దగ్గరికి వెళ్లి అడిగింది. అయిదు వేల రూపాయలు నిధికి పోగుచేసి తెస్తే కాసేపు సమయం ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్లను వదిలించుకోవడానికి అన్న మాటే అయ్యుండాలి అది. ఆ దేవదాసీ స్త్రీలే డబ్బు పోగుచేశారు. సభ జరిగింది. గాంధీజీ అనుకున్న సమయం కన్నా ఎక్కువసేపే మాట్లాడారు, ఆడవాళ్లు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు. అయితే నాకు ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగింది. హిందీ నేర్చుకున్న ఆ పిల్ల చేతే గాంధీజీ తన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పించారు. అనువదించడానికి కొండా వెంకటప్పయ్య గారంతటి పెద్దలు ఉండగా ఈ అమ్మాయిని ముందుకు పిలిచారు. శాలువా కప్పలేదు, తల నిమిరి పంపించనూ లేదు. మొన్న చేసిన పనికి మెచ్చుకోలుగా ఇవాళ ఇంకా పెద్ద పని చేతిలో పెట్టారు.

రెండోది 1923లో, మళ్లీ కాకినాడలోనే. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడిగా కాంగ్రెస్ మహాసభ జరుగుతోంది. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గేటు దగ్గర స్వచ్ఛంద సేవిక దుర్గాబాయి. టికెట్టు లేనివాళ్లను లోపలికి వదలొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్టు లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి, ఎవరిని ఆపావో తెలుసా అని కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. ఇక చేసేదేమీ లేక టికెట్టు తెప్పించారు, అప్పుడే వదిలింది. నెహ్రూ ఆ పిల్ల ధైర్యాన్నీ, కర్తవ్యదీక్షనూ మెచ్చుకున్నారు.

ఈ కథ మనం పిల్లలకు చెప్పేటప్పుడు దుర్గాబాయి గొప్పదనం చెబుతాం, నెహ్రూ పెద్దమనసు చెబుతాం. ఆ నిర్వాహకుల సంగతి ఎవరూ మాట్లాడరు. నాకేమో సంఘాలు నడిపేవాళ్లం నేర్చుకోవలసింది వాళ్ల దగ్గరే ఉందనిపిస్తుంది. పని అప్పగించింది వాళ్లు, నియమం పెట్టింది వాళ్లు. ఆ నియమం పెద్దమనిషికి తగిలేసరికి కార్యకర్త వెనక నిలబడకుండా ఆమెనే గద్దించారు. మన సభల్లో రోజూ జరిగేది ఇదే. మొదటి వరస అతిథులకని ఒక కుర్రాణ్ని కాపలా పెడతాం. ఎవరో పలుకుబడి ఉన్నాయన వచ్చి కూర్చుంటానంటాడు. కుర్రాడు వద్దంటాడు. అధ్యక్షుడు నవ్వుతూ వచ్చి ‘ఏం బాబూ, మనవాళ్లేగా’ అంటాడు. ఆ ఒక్క మాటతో ఆ కుర్రాడి పొద్దుటి పని అంతా పోయింది. వచ్చే ఏడాది వాడు రాడు. వాడికి సాయంత్రం సర్టిఫికెట్టు ఇచ్చినా రాడు.

అదే కాకినాడ మహాసభలో డాక్టర్ హర్డీకర్ చొరవతో హిందుస్తానీ సేవాదళ్‌కు పునాది పడింది. దానికి మొదటి అధ్యక్షుడు నెహ్రూయే. గేటు దగ్గర ఆగి టికెట్టు వచ్చేదాకా నిలబడ్డ మనిషి స్వచ్ఛంద సేవకుల దళానికి అధ్యక్షుడు కావడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

దుర్గాబాయి తర్వాత ఏం చేశారో మీకు తెలుసు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ, రాజ్యాంగ సభ సభ్యత్వం, 1948లో ఇక్కడి తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ, ఆ తర్వాత ప్రణాళికా సంఘం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ బోర్డు పనే దేశం నలుమూలలా ఉన్న చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలను వెతికి వాటికి ఆర్థికంగా దన్ను ఇవ్వడం. గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ మనిషికే ఆ సంస్థల విలువ అంతగా తెలిసి ఉంటుంది. ధౌలా కువా దగ్గర శ్రీ వెంకటేశ్వర కాలేజీ పక్కన మెట్రో స్టేషన్‌కు ఇప్పుడు ఆవిడ పేరే. అక్కడ దిగే మన తెలుగు పిల్లల్లో ఎంతమందికి ఆవిడ ఎవరో తెలుసో గానీ, ఆ కాలేజీ పుట్టడం వెనక కూడా ఆవిడ చెయ్యి ఉంది.

ఇప్పుడు అశోకా రోడ్ అవతలి చివరికి వెళ్దాం. బంగ్లా సాహిబ్. అది ఒకప్పుడు రాజా జైసింగ్ బంగళా. 1664లో సిక్కుల ఎనిమిదో గురువు హర్ క్రిషన్ అక్కడ బస చేశారు. నగరంలో మశూచి, కలరా ప్రబలి ఉన్నాయి. ఎనిమిదేళ్లయినా నిండని ఆ గురువు రోగులకు నీళ్లిచ్చి సేవ చేశారని, చివరికి తానూ మశూచితోనే పోయారని సిక్కులు చెప్పుకుంటారు. ఇవాళ్టికీ అక్కడ నీళ్లు అందించేవాళ్లు ఆ పనిని ఆ స్మృతితోనే చేస్తారు.

లోపలికి వెళ్లేముందు చెప్పులు ఇచ్చే చోటు ఉంటుంది, జోడా ఘర్ అంటారు. వెళ్లినప్పుడల్లా నేను అక్కడ కాసేపు నిలబడతాను. మన చెప్పులు రెండు చేతులతో అందుకుని, అరలో పెట్టి, బిళ్ల చేతికిస్తారు. అందుకునేవాళ్లలో ఖరీదైన వాచీలు పెట్టుకున్నవాళ్లుంటారు, కాలేజీ పిల్లలుంటారు, రిటైరైన పెద్దవాళ్లుంటారు. కొందరు కూర్చుని ఆ బూట్ల దుమ్ము గుడ్డతో తుడుస్తారు. వాళ్ల పేరు ఎక్కడా రాసి ఉండదు. మైకులో ఎవరూ ప్రకటించరు. అందరికీ భోజనం పెట్టే లంగరులో రొట్టెలు ఒత్తేవాళ్లకూ అంతే, గిన్నెలు తోమేవాళ్లకూ అంతే. మనం కూడా వెళ్లి ఆ వరసలో కూర్చుని పిండి ఉండలు చేయవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు, ఎవరు నువ్వని అడగరు.

ఇది చూసి మన పెద్దలు కొందరు ఒక మాట అంటారు: సేవ అంటే అదీ, గుర్తింపు కోరేది సేవ ఎలా అవుతుంది అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట అనేవాళ్లు ఎక్కువగా వేదిక మీద కుర్చీ దక్కినవాళ్లే కావడం గమనించాను. బంగ్లా సాహిబ్‌లో పేరు చదవకపోయినా పని నడుస్తుందంటే దానికి కారణాలున్నాయి. అక్కడ ఎవరికీ పేరు లేదు, కొందరికి ఉండి కొందరికి లేకపోవడం కాదు. ఎంత పెద్దవాడైనా చెప్పుల దగ్గరే మొదలుపెట్టవచ్చు, దాన్ని చిన్నతనంగా ఎవరూ అనుకోరు. చేసిన పని ఫలితం కళ్లముందే కూర్చుని అన్నం తింటూ ఉంటుంది. పైగా వాళ్లకు శతాబ్దాల సంప్రదాయం అండగా ఉంది. మన సంఘాల్లో ముఖ్య అతిథికి మూడు దండలు వేసి, కుర్చీలు మోసినవాడికి మాత్రం నిష్కామకర్మ బోధించడం న్యాయం కాదు. గురుద్వారా పద్ధతి కావాలంటే దండలన్నీ తీసేయాలి, అధ్యక్షుడు వెళ్లి గిన్నెలు తోమాలి. అలా చేయగలిగిన సంఘం ఉంటే దానికి నా దండం. చేయలేనివాళ్లం పేరు పేరునా కృతజ్ఞత చెప్పడం నేర్చుకుందాం.

చెప్పడానికి ముందు తెలిసి ఉండాలి. అసలు కష్టం అక్కడే ఉంది. ‘అందరికీ ధన్యవాదాలు’ అనడానికి ఏమీ తెలియనక్కర్లేదు. ‘సుబ్బలక్ష్మి గారూ, నాలుగింటికే లేచి వచ్చి వేపపువ్వు దులిపారట, ఒక్క పుల్ల లేదు పచ్చడిలో’ అనాలంటే, నాలుగింటికి ఎవరు లేచారో కనుక్కుని ఉండాలి. పేరు నేను ఊరికే కల్పించి చెప్పాను. మీ సంఘంలో ఆ మనిషి పేరు వేరే ఉంటుంది.

నేను పెట్టుకున్న అలవాటు ఒకటే. కార్యక్రమం అయిన రాత్రి, ఇంటికి వచ్చి ఎంత అలసటగా ఉన్నా, ఒక నోటు పుస్తకంలో ఎవరు ఏం చేశారో రాసేవాణ్ని. మర్నాటికి వాయిదా వేస్తే సగం మరిచిపోతాం, గుర్తుండేది గట్టిగా మాట్లాడినవాళ్లే. రాయబోతే మన అజ్ఞానం బయటపడుతుంది. మైకు సరిచేసింది ఎవరు? ముసలావిడను ఆటో ఎక్కించి ఇంటిదాకా దిగబెట్టింది ఎవరు? తెలియకపోతే పొద్దున్నే ఫోన్ చేసి అడిగేవాణ్ని. అలా అడగడమే చాలామందికి సన్మానం కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఎయిమ్స్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇది మరీ అవసరం. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో హిందీ ముక్క రాని కుటుంబం రోగితో వచ్చి దిగుతుంది. ఓపీడీ కార్డు ఎక్కడ తీయాలో తెలియదు, డాక్టరు అన్నది అర్థం కాదు. మన కుర్రాడొకడు ఆఫీసుకు సెలవు పెట్టి, చీకటితోనే వెళ్లి వాళ్ల వెంట వరసలో నిలబడి, డాక్టరు చెప్పింది తెలుగులో చెబుతాడు. ఒక్కోసారి చెప్పకూడని కబురు కూడా వాడి నోటితోనే చెప్పాల్సివస్తుంది. దీనికి వేదిక లేదు, ఫొటో లేదు. తీయనూ కూడదు. ఆ కుటుంబం ఊరికి వెళ్లిపోతుంది. అక్కడ జరిగింది ఆ కుర్రాడి మనసులో మాత్రమే మిగులుతుంది. ఆ సాయంత్రం అధ్యక్షుడు ఫోన్ చేసి ‘ఏమైందయ్యా, చెప్పు’ అని తీరిగ్గా వినాలి. ఆ ఆటో కిరాయీ, మందుల షాపులో జేబులోంచి పెట్టిన డబ్బూ ఆరోజే తిరిగి ఇవ్వాలి. డబ్బు ఆలస్యం చేసి గౌరవం గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు. ఇది కోశాధికారులు ప్రత్యేకంగా వినాలని కోరుతున్నాను.

ఒక్కొక్కరికి ఒక్కో తీరు గుర్తింపు నచ్చుతుంది. వేదిక ఎక్కమంటే పారిపోయేవాళ్లుంటారు. వాళ్ల అమ్మానాన్నలకు గుంటూరుకు ఫోన్ చేసి, మీ అబ్బాయి ఇక్కడ ఇంత మంచి పని చేస్తున్నాడని చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కాలేజీ పిల్లలకు ఏ పని చేశారో వివరంగా రాసిన ఉత్తరం పనికొస్తుంది. ‘సేవలందించారు’ అని అచ్చుకొట్టిన కాగితం కాదు. ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు స్టోరు గది తాళంచెవి ఇచ్చి చూడండి.

ఇక అధ్యక్ష పదవి విషయంలో రోటరీ వాళ్ల నియమం ఒకటి నాకు చాలా నచ్చుతుంది. 1905లో చికాగోలో పాల్ హ్యారిస్ అనే వకీలు మొదలుపెట్టిన ఆ సంఘంలో క్లబ్బు అధ్యక్షుడికి ఒక్క ఏడాదే గడువు, జూలై 1 నుంచి జూన్ 30 దాకా. మనిషి మారినా పని ఆగదని వాళ్లు పోలియో విషయంలో చూపించారు. 1985లో పోలియో నిర్మూలన పని ఎత్తుకున్నారు. ఈ ఢిల్లీలో పల్స్ పోలియో మొదలైంది 1994 అక్టోబర్ 2న. తర్వాతి ఏళ్లలో ప్రభుత్వ సిబ్బందితోపాటు లెక్కలేనంతమంది వాలంటీర్లు ఐసు పెట్టెలు భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగారు. చుక్కలు వేసిన పిల్లల ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. ఇంట్లో పిల్లలందరికీ అందితే గోడ మీద సుద్దతో ‘పీ’ అని, ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’ అని రాసేవారు. ఆ తర్వాత పర్యవేక్షకుడు ఆ గోడలు చదువుకుంటూ పోయేవాడు. మిగిలిన ఇంటికి మళ్లీ మనిషి వెళ్లేవాడు. చేసిన పని ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకం ఆ గల్లీల్లో తిరిగినవాళ్లకు ఉండేది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేదన్న ధ్రువపత్రం అందింది.

మన సంఘాల్లోనూ అధ్యక్షుడు ఏడాదికో రెండేళ్లకో మారాలని నా అభిప్రాయం. మారేటప్పుడు బ్యాంకు పుస్తకం, రబ్బరు స్టాంపు, బ్యానర్లతోపాటు ఆ నోటు పుస్తకం కూడా కొత్తవారి చేతికివ్వాలి. నేను ఇచ్చాను. రైలు బోగీ దగ్గరికి ఎవరు వెళ్లారో, ఎవరికి రాత్రిపూట ఫోన్ చేస్తే లేచి వస్తారో, ఎవరు ఈమధ్య రావడం తగ్గించారో అందులో ఉంటుంది. కొత్త అధ్యక్షుడు చేయవలసిన మొదటి ఫోన్లు ఆ చివరివాళ్లకే.

వచ్చే ఉగాదికి సభలు ఏర్పాటు చేసుకుంటున్న మిత్రులకు చిన్న మనవి. వందన సమర్పణను జ్యోతి ప్రజ్వలన తర్వాత, అతిథి ప్రసంగానికి ముందు పెట్టండి. వెనక గదిలో ఉన్నవాళ్లను ఓ పది నిమిషాలు పని ఆపి లోపలికి రమ్మనండి. పచ్చడి కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, ముఖ్య అతిథి కూడా ఎలాగూ అప్పుడే వస్తారు.